మార్చి నెల డబ్బు మాకొద్దు: తిరుపతి, చిత్తూరు కంపెనీల సీఎస్‌ఆర్ కమిటీలకు బహిరంగ లేఖ

శ్రీసిటీ, రేణిగుంట, ఏర్పేడు, చిత్తూరు చుట్టుపక్కల ఉన్న పరిశ్రమల సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) కమిటీ సభ్యులకు, రెండు జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

ఫిబ్రవరి ఆఖరు వచ్చిందంటే మీ సీఎస్‌ఆర్ ఆఫీసుల నుంచి మా లాంటి చిన్న సంస్థల ఫోన్లు తెగ మోగుతాయి. "మేడమ్, కొంచెం ఫండ్ మిగిలింది. యూత్‌కి ఎంట్రప్రెన్యూర్‌షిప్ మీద ఏదన్నా ఒక ప్రోగ్రాం పెట్టండి. కాకపోతే మార్చి ఇరవై ఐదుకల్లా అయిపోవాల. ఫొటోలు, హాజరు పట్టీ, బిల్లులు వెంటనే పంపేయండి." అవతల మాట్లాడే పిల్లల మీద నాకేం కోపం లేదు, వాళ్ల తల మీద కూచున్నవాళ్లు వేరే. సరేనన్నామా, మూడొందల మంది డిగ్రీ విద్యార్థుల్ని బస్సుల్లో ఎక్కించుకొచ్చి తిరుపతిలో ఏదో ఒక హోటల్ హాల్లో కూచోబెట్టాలి. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. బెంగుళూరు నుంచి వచ్చిన వక్త "ఉద్యోగం అడగొద్దు, పది మందికి మీరే ఇవ్వండి" అని చప్పట్లు కొట్టించుకుంటాడు. మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్. మర్నాడు ఆ మూడొందల మందిలో ఎవరేం చేశారని అడిగే నాథుడు ఉండడు. మీ వార్షిక నివేదికలో మాత్రం '300 మంది యువతకు శిక్షణ' అని ఒక వరుస పడుతుంది.

ఆ డబ్బు గురించే ఈ ఉత్తరం. ఎక్కువ ఇవ్వమని అడగడానికి రాయడంలేదు. ఇచ్చేదాన్ని ఇచ్చే తీరు మార్చమని రాస్తున్నాను.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో చాలా ఏళ్లు కామర్స్ చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు కొందరం పాత లెక్చరర్లం కలిసి చిత్తూరు చుట్టుపక్కల కాలేజీల్లో ఇంటర్ పిల్లల చేత చిన్న చిన్న వ్యాపారాలు చేయించి, లెక్కలు రాయించి, బేరం ఎట్లా నడుస్తుందో నేర్పిస్తున్నాం. కాబట్టి నేను అడిగేదాంట్లో మా స్వార్థం కూడా ఉందనుకోండి, తప్పులేదు. మా సంస్థ పేరు మాత్రం కావాలనే రాయడంలేదు. ఈ పని ఎవరు చేసినా నా మాట ఇదే.

ముందు చట్టం సంగతి. "రూల్స్ ఒప్పుకోవు మేడమ్" అనే మాట మీ ఆఫీసుల్లో విని విని ఉన్నాను గనక, ఆ రూల్సు ఏం చెబుతాయో కూచుని చదివాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం పనికి ఖర్చు పెట్టాలి. ఇది మీకు నేను చెప్పేదేం కాదు. అయితే అదే చట్టం కింద 2021లో సవరించిన నియమాల్లో 'కొనసాగే ప్రాజెక్టు' అని ఒకటుంది. మొదలుపెట్టిన ఏడాదిని పక్కనపెట్టి ఇంకో మూడేళ్ల దాకా దాన్ని నడపొచ్చు. ఆ ఏడాది ఖర్చు కాని సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిశాక 30 రోజుల్లోపు వేరే బ్యాంకు ఖాతాలో వేసి, తర్వాత అదే ప్రాజెక్టుకు వాడుకోవచ్చు. అంటే మార్చి 31కి ఖజానా ఊడ్చిపెట్టాల్సిన అగత్యం మీకు లేదు. మూడేళ్ల ప్రాజెక్టు అని ముందే బోర్డులో రాసుకోవాలి, అంతే.

ఇంకోటి. మారథాన్లు, అవార్డుల సభల్లాంటి ఒక్కరోజు కార్యక్రమాలు సీఎస్‌ఆర్ లెక్కలోకి రావని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. తమ సరుకుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్పులు చెల్లవని 2021 నియమాలూ చెబుతున్నాయి. మరి మన దగ్గర స్టార్టప్ ఉత్సవమని, లీడర్‌షిప్ సమ్మిట్ అని జరిగేవాటిని ఏ లెక్కలో వేస్తున్నారో మీ ఆడిటర్లకే తెలియాలి.

జీతాల మాటకొస్తే అసలు గొడవంతా అక్కడే. మా దగ్గర ఒకమ్మాయి పనిచేసేది. బీకాం చదివి, బెంగుళూరులో ఒక సరుకుల డెలివరీ కంపెనీలో లెక్కలు చూసి, నాయనకు ఒంట్లో బాగోక ఊరికొచ్చేసింది. మూడు కాలేజీలు తిరిగేది. పిల్లల వెంట సంతకు పోయేది, రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి "ఈ పొద్దు లెక్క రాసినారా?" అని అడిగేది. ఆ పిల్లలు ఏమన్నా నేర్చుకున్నారంటే సగం ఆమె చలవే. మాకు డబ్బిస్తున్న కంపెనీ రెండో ఏడు "జీతాల పద్దు వద్దు, వస్తువుల పద్దులో అడగండి" అంది. ట్యాబులు ఇచ్చింది, ప్రొజెక్టర్ ఇచ్చింది, కంపెనీ బొమ్మ వేసిన సంచులు కూడా ఇచ్చింది. ఆ అమ్మాయికి ఇవ్వడానికి మా దగ్గర రూపాయి లేదు. ఆమె మళ్లీ బెంగుళూరు బస్సెక్కింది. ట్యాబులు బీరువాలో ఉన్నాయి, కావాలంటే వచ్చి చూడండి.

పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదనే నియమం ఉన్నమాట నిజమే. ఆ 5 శాతం కంపెనీలో సీఎస్‌ఆర్ విభాగం నడపడానికయ్యే ఖర్చు మీద. ప్రాజెక్టును నేరుగా నడిపించేవాళ్ల జీతం దాని కిందికి రాదు. చదువుకు సంబంధించిన ప్రాజెక్టులో టీచర్ల జీతాలు, ఇతర సిబ్బంది జీతాలు ప్రాజెక్టు ఖర్చేనని 2021 ఆగస్టులో కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చిన ప్రశ్నోత్తరాల్లో విడమర్చి చెప్పింది. వ్యాపారం నేర్పే పని మనుషులతోనే అవుతుంది. దీంట్లో మనిషి జీతం తీసేస్తే ఇక మిగిలేది ఫ్లెక్సీ.

మనిషి ఎందుకు కావాలో ఒక సంగతి చెబుతాను. వినాయక చవితికి కాణిపాకంలో 21 రోజుల బ్రహ్మోత్సవాలు. ఫస్టియర్ పిల్లలు నలుగురు అక్కడ రాగి అంబలి అమ్ముతామన్నారు. ఇంట్లో గిన్నె, ఇంట్లో గ్యాసు, మేమిచ్చిన పెట్టుబడితో రాగిపిండి, మజ్జిగ, ఉల్లిపాయలు, పేపరు గ్లాసులు. గ్లాసు 15 రూపాయలు. మొదటి రోజు సాయంత్రం నోటుబుక్కు తెచ్చి చూపించారు. 'లాభం 610' అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. గ్యాసు ఎక్కడ రాశారని అడిగితే "మా ఇంట్లోదే కదా మేడమ్" అన్నారు. పొద్దున ఐదు నుంచి నలుగురు నిలబడ్డారు కదా, మీ కూలి ఏదంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూలి వేసి చూస్తే 610 పోయి నష్టం తేలింది. "ధర ఇరవై చేస్తే?" అన్నాడు ఒకడు. "పక్కనే మజ్జిగ ఊరికే పోస్తా ఉంటే నీ దగ్గర ఇరవైకి ఎవురు తాగుతార్రా?" అని ఇంకో పిల్ల కసిరింది.

రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. తర్వాత ఆ కసిరిన పిల్లే కనిపెట్టింది. గుడి ముందర జనానికి అంబలి అక్కర్లేదు. బండ్లు ఆపే చోట, రాత్రంతా నడిపి తెల్లారి దిగిన డ్రైవర్లకు కావాలి. వాళ్లకు తీపి వద్దు, టీతో కడుపు నిండదు, టిఫిను అంగళ్లు ఇంకా తెరవరు. మకాం అక్కడికి మార్చారు. అంబలితో పాటు పచ్చిమిరపకాయ, ఊరుగాయ పెట్టారు. పొద్దున్నే రెండు గంటల్లో గిన్నె ఖాళీ, ఎనిమిదిన్నరకు కాలేజీ బస్సులో ఉన్నారు. కూలి పోను మిగిలింది.

ఎవరికి అమ్మాలి, ఎక్కడ, ఏ వేళకి అని పెద్ద కాలేజీల్లో లక్షలు పోసి నేర్చుకునేది ఇదే కదా. ఒక్కరోజు సదస్సులో ఇది రాదు, ఎందుకంటే పాఠం మొదటి రోజు నష్టంలో ఉంది, తర్వాతి రెండు రోజుల మాటల్లో ఉంది. ఆ నష్టపు సాయంత్రం పక్కన కూచుని "కూలి ఏదీ?" అని అడిగే మనిషి లేకపోతే ఆ నలుగురూ 610 లాభమనుకుని సంబరపడి ఇంటికి పోయేవాళ్లు, లేదా మర్నాటి నుంచి మానేసేవాళ్లు.

పోగొట్టుకోగలిగే పెట్టుబడి గురించి కూడా చెప్పాలి. మన దేశంలో యువతకు అప్పులకు కొదవలేదు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్ర పథకంలో శిశు కింద 50 వేల దాకా, 2024 నుంచి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా ఇస్తారు. సొంత యూనిట్ పెట్టుకోవడానికి లోను ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీలో సబ్సిడీ ఉంది. చంద్రగిరిలో యూనియన్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉచితంగా భోజనం, వసతి పెట్టి నేర్పిస్తుంది. ఆ సంస్థల పద్ధతి నాకు నచ్చుతుంది. శిక్షణ అయ్యాక రెండేళ్లు వెంటపడి ఏం చేస్తున్నారని కనుక్కోవాలని వాటి నిబంధనల్లోనే ఉంది. అయితే ఇవన్నీ పద్దెనిమిది నిండినవాళ్లకి. దాంట్లోనూ పీఎంఈజీపీ శిక్షణ మామూలుగా లోను మంజూరైన తర్వాతే వస్తుంది. లక్షలు తలకెత్తుకున్నాక లెక్కలు నేర్చుకోవడమన్నమాట. ఈత మధ్య బావిలో నేర్పినట్టు.

పదిహేను, పదిహేడేళ్ల మధ్య పిల్లలు వెయ్యి రెండు వేలతో తప్పు చేసి చూసుకునే చోటు ఎక్కడుంది? ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2021లో ఈ ప్రయోగం పెద్ద ఎత్తున చేశారు. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు తలకు 2000 రూపాయల చొప్పున పెట్టుబడి ఇచ్చి, జట్లుగా వ్యాపారం చేయమన్నారు. అక్కడి రాజకీయాల గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది, నాకు ఆ రెండు వేలు ముఖ్యం. మైనర్లకు బ్యాంకు అప్పివ్వదు, వాళ్లు రాసిన కాగితం కాంట్రాక్టుగా చెల్లదు. కాబట్టి ఈ డబ్బు కాలేజీ ద్వారా, తిరిగి కట్టక్కర్లేని పెట్టుబడిగానే రావాలి. మీరు 'రికవరీ శాతం' అడగొద్దు. పోయినా, పోగొట్టుకున్నవాళ్లు ఎందుకు పోయిందో రాసి చూపించాలని అడగండి, చాలు.

ఖర్చు ఎంతవుతుందో మీ భాషలోనే చెబుతాను. మూడు కాలేజీలకు ఒక సమన్వయకర్త, నెలకు 25 వేలు, ఏడాదికి 3 లక్షలు. తిరగడానికి 40 వేలు. మూడు కాలేజీలకూ కలిపి ఐదుగురేసి ఉన్న నలభై జట్లకు 3 వేల చొప్పున లక్షా 20 వేలు. పుస్తకాలు, చిల్లరమల్లర 20 వేలు. మొత్తం 4 లక్షల 80 వేలు. రెండొందల మంది పిల్లలు, తలకు 2400. ఏడాది పొడవునా. ఇప్పుడు మీ పోయినేటి సదస్సు బిల్లులు తీసి చూడండి, ముఖ్యంగా జ్ఞాపికలవి, శాలువాలవి.

పై స్థాయి సంస్థలకు మనకు కొదవలేదు. తిరుపతిలో ఐఐటీ, ఐఐఎస్‌ఈఆర్ రెండూ 2015లోనే వచ్చాయి. ఐఐటీలో కొత్త టెక్నాలజీలకు ఊతమిచ్చే నవావిష్కార్ ఐ-హబ్ ఉంది. 2025 ఆగస్టులో మంగళగిరిలో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు తిరుపతిలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆలోచన చేతిలో ఉన్నవాళ్లకు ఇవి పనికొస్తాయి. కార్వేటినగరంలోనో, గంగాధర నెల్లూరులోనో ఎంపీసీ చదివే అమ్మాయికి ఆ గుమ్మం దాకా పోవచ్చన్న ధైర్యం ఎట్లా వస్తుంది? ఇంగ్లీషులో స్లైడ్లు వేసి మూడు నిమిషాల్లో చెప్పమంటే ఆ పిల్ల నోరు పెగలదు. అదే పిల్ల అంబలి లెక్క అడిగితే గడగడా చెబుతుంది.

మన జిల్లాల్లో వ్యాపారపు ప్రశ్నలు పిల్లల ఇళ్లలోనే ఉన్నాయి. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని నిర్ణయించారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, కాయలు బండ్లోనే మగ్గాయి. బంగారుపాళెం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి నన్నడిగింది: "మా నాయన ఎనిమిదికి ఇచ్చిన కాయ గుజ్జయినాక ఎంతకి పోతుంది మేడమ్? మధ్యలో ఎవురెవురు తింటారు?" ఇంతకంటే మంచి ప్రశ్న నా సర్వీసులో విద్యార్థి నోట వినలేదు. కిలో కాయకి గుజ్జు ఎంత దిగుతుంది, టెంక తొక్క ఏమవుతాయి, డబ్బాకి ఎంత, కోల్డ్ స్టోరేజీకి ఎంత, ఎగుమతి ఆర్డరు లేకపోతే ఫ్యాక్టరీవాడి పరిస్థితేంటి, ఇవన్నీ తెలిస్తే ఆ పిల్ల కోపం కాస్తా లెక్కగా మారుతుంది. రేపు తాండ్ర వేసినా, ఫ్యాక్టరీలో కొనుగోళ్ల మేనేజరైనా పనికొస్తుంది. మేం ఒక ఫ్యాక్టరీని అడిగాం, పిల్లల్ని ఒక గంట లోపలికి రానిమ్మని. గేటు దగ్గరే ఆపేశారు. ఆహార పదార్థాలు తయారుచేసే కంపెనీలు శ్రీసిటీలోనూ ఉన్నాయి, చిత్తూరు చుట్టూ ఉన్నాయి. మీ గేటు తీయడానికి సీఎస్‌ఆర్ బడ్జెట్ కూడా అక్కర్లేదు.

శ్రీకాళహస్తిలో కలంకారీ ఇళ్ల పిల్లలదీ ఇదే కథ. గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో ఎట్లా నానబెట్టాలో, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరేసి నల్లరంగు ఎట్లా తీయాలో పదేళ్లప్పుడే తెలుసు. ఒక చీరకు ఇంట్లో ఎంతమంది ఎన్ని రోజులు కూచున్నారో లెక్కేసి ధర చెప్పడం తెలీదు. కొనేవాడు చెప్పిందే ధర.

నాయకత్వ శిక్షణ అని మీరు ఇచ్చే డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. మైకు పట్టుకుని మాట్లాడటం నేర్పితే నాయకులు తయారవుతారన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకర్థం కాదు. పెట్టుబడి డబ్బును ఏ జట్టుకు ఎంత ఇవ్వాలో పిల్లల కమిటీనే తేల్చమనండి. స్నేహితుడి జట్టుకు 'నీ లెక్క సరిగా లేదు, వచ్చే నెల రా' అని చెప్పాల్సి వచ్చినప్పుడు, చెప్పి మళ్లీ వాడితోనే అన్నం తినాల్సి వచ్చినప్పుడు నాయకత్వం బయటపడుతుంది. పంచాయతీ ఆఫీసుకు పోయి అంగడి పెట్టుకోవడానికి అనుమతి తెచ్చుకునే పని మేమెప్పుడూ ఆడపిల్లలకే అప్పజెబుతాం. మొదటిసారి ఏడుపు మొహంతో వస్తారు. రెండోసారి సంతకంతో వస్తారు.

కలెక్టర్లకు ఒక మనవి. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా విడిపోయినప్పుడు శ్రీసిటీ, రేణిగుంట తిరుపతి వైపు పోయాయి. కంపెనీలు 'స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం' అనే మాట పట్టుకుని ఫ్యాక్టరీ గోడ చుట్టూ ఉన్న నాలుగు ఊళ్లకే ఖర్చు పెడుతున్నాయి. ఆ ఊళ్లకు పెట్టొద్దనడం లేదు. కానీ ఆ ప్రాధాన్యం తప్పనిసరి నిబంధనేం కాదని కార్పొరేట్ వ్యవహారాల శాఖే చెప్పింది. పాలసముద్రం పిల్ల, తొట్టంబేడు పిల్లాడు కూడా రేపు ఆ ఫ్యాక్టరీలకే బస్సెక్కుతారు, లేదంటే పొద్దున్నే రైలెక్కి చెన్నై పోతారు. కంపెనీలను ఒకచోట కూచోబెట్టి, మండలాలు పంచుకోమని మీరు చెబితే వింటారు. మేం చెబితే టీ ఇచ్చి పంపిస్తారు.

చిన్న సంస్థల ఇబ్బంది కూడా చూడండి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదు, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు, మూడేళ్ల అనుభవం ఉంటేనే మీ డబ్బు తీసుకునే అర్హత. దొంగ సంస్థలు తక్కువేం లేవు గనక ఈ జాగ్రత్త అవసరమే. దాంతో డబ్బంతా హైదరాబాదు, బెంగుళూరు పెద్ద సంస్థలకు పోయి, వాళ్లు ఇక్కడ మనిషిని పెట్టకుండా ఆన్‌లైన్ క్లాసులు చెప్పి లెక్క మూసేస్తున్నారు. పెద్ద సంస్థకే ఇవ్వండి, కానీ 'స్థానికంగా జీతం మీద పనిచేసే మనిషి ఉండాలి, ఆ మనిషి పేరు, తిరిగే కాలేజీలు మాకు చెప్పాలి' అని ఒప్పందంలో రాయండి. ఫలితం కొలవాలంటే హాజరు పట్టీ వద్దు. ఏడాది తర్వాత ఏవైనా ఇరవై జట్ల నోటుబుక్కులు తెప్పించుకుని మీ అకౌంట్స్ విభాగంలో ఒకరి చేత చదివించండి. కూలి రాశారో లేదో వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

కొత్త ఆర్థిక సంవత్సరానికి మీ సీఎస్‌ఆర్ వార్షిక కార్యాచరణ ప్రణాళిక బోర్డు ముందుకు పోయేటప్పుడు, యువత పద్దు కింద 'సదస్సు' అని ఉన్నచోట కొట్టేసి 'సమన్వయకర్త జీతం, మూడేళ్లు' అని రాయండి. జూన్‌లో కాలేజీలు తెరిచేనాటికి మనిషి చేరాలంటే మే నెలలో ఇంటర్వ్యూలు జరగాలి. బెంగుళూరు వెళ్లిపోయిన ఆ అమ్మాయిని నేనడిగాను, కనీసం రెండేళ్లకు గ్యారంటీ ఇస్తే వస్తానంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కామర్స్ లెక్చరర్,
చిత్తూరు